యాభై సెకన్ల గాలి

నా మొదటి గేమ్ చివరి లెవెల్ పూర్తయింది. అంతరిక్షంలో ఒక మనిషి బండ మీంచి బండ మీదికి దూకుతూ నౌకను చేరాలి. సిలిండర్‌లో యాభై సెకన్ల గాలే ఉంటుంది. ఏ దారిన వెళ్లినా అది చాలదని నా నమ్మకం. రెండేళ్లు కూర్చుని ఈ గేమ్ రాసింది ఆ నమ్మకం నిజమని తేల్చుకోవడానికే.

రెండు వందల సార్లు ఆడాను. ఒక్కసారీ చేరలేదు. ఓడిన ప్రతిసారీ కొంత నిమ్మళించాను.

ఆదివారం మధ్యాహ్నం నా బిడ్డ రుచిత లాప్‌టాప్ లాక్కుంది.

"జర జరుగు డాడీ. నీకు చేసుడే వస్తది, ఆడుడు రాదు."

దారి మధ్యలో ఒక ఇనుప గేటుంది. అది తెరుచుకునేసరికి పదిహేను సెకన్లు పోతాయి. రుచిత అక్కడ ఆగింది. గాలి అయిపోయింది.

"చాలు బిడ్డా. ఎవ్వరూ దాటలేరు."

"నువ్వాగు."

ఈసారి గేటు దగ్గర ఆగలేదు. కిందికి దూకి చుట్టుదారి పట్టింది. నేను ఎప్పుడూ జారిపడే దారి అది. నౌక తలుపు తెరుచుకునేసరికి ఇంకా మూడు సెకన్ల గాలి ఉంది.

"గంతే డాడీ. గేటు కాడ నిలబడ్డోడు పిచ్చోడు," అని నవ్వింది.

ఆ లెవెల్ తాండూరు నుంచి వికారాబాద్ ఆస్పత్రికి దారి. ఆటలో సెకనంటే అక్కడ ఒక నిమిషం. ఆంబులెన్స్ సిలిండర్‌లో యాభై నిమిషాల ఆక్సిజనే ఉండింది. ఆ రోజు రైలు గేటు పడితే, ఆంబులెన్స్ డ్రైవర్ కోట్‌పల్లి మీదుగా తిప్పుతానన్నాడు. రుచిత వాళ్లమ్మ చేయి పట్టుకుని కూర్చున్న నేను, దూరమవుతుంది, ఇక్కడే ఆగమన్నాను.