ఫెర్మిన్ కొరకనన్న కేకు

ఫెర్మిన్‌కి తెలియని సంగతంటూ ఈ లోకంలో లేదు, తన ఒంట్లో షుగరెంతుందో తప్ప. అంతటి మహానుభావుడు, రేపు పుట్టినరోజనగా, వంటింటి గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పేశాడు.

“చక్కెర లేదు, మైదా లేదు. దాన్ని చీజ్‌కేకంటారా ఒటీలియా? మందంటారు. నేను నోట పెట్టను.”

“పెట్టకు,” అంది అతని భార్య, చోటు లేక ఓవెన్‌లో సర్దిన పెనాలూ మూకుళ్లూ ఒక్కొక్కటే బయటికి లాగుతూ. “ఇంకో కేకు మాత్రం ఈ గడప దాటి రాదు. షుగరు ఇలాగే ఉంటే వచ్చే నెల నుంచి ఇన్సులిన్ సూదే అన్నాడు డాక్టరు. చిన్న దోమ కుడితేనే ఇల్లు పీకి పందిరేస్తావు, ముసలాయనా.”

“కళ్లు మూసుకుని చెప్తాను, ఏది అసలు చక్కెరో ఏది దొంగ చక్కెరో.”

ఒటీలియా బాదం పొడిలో కరిగిన వెన్న కలిపి గిన్నె అడుగున అదిమింది. వేరే గిన్నెలో చీజు, గుడ్లు, మీగడ, చక్కెర బదులు చిటికెడు స్టీవియా ఆకు పొడి వేసి చెయ్యి నొప్పెట్టేదాకా గిలక్కొట్టింది. స్టూలు మీద కూర్చున్న అత్తగారు దోన్యా చోలే ఆ గిన్నె వంక శవాన్ని చూసినట్టు చూసింది.

“పుట్టినరోజు పూట నా బిడ్డకి ఇదేం ఖర్మ తల్లీ.”

“మీ బిడ్డ ఇంకో ఇరవై పుట్టినరోజులు చేసుకోవాలి అత్తయ్యా.”

మర్నాడు సాయంత్రం చుట్టాలంతా చేరి పాట పాడారు. ఫెర్మిన్ చేతులు కట్టుకుని, పెదాలు బిగించి కూర్చున్నాడు. పాట అయ్యీ కాకముందే “కొరకాలి, కొరకాలి” అని గోల మొదలైంది. పుట్టినరోజువాడు వంగి కేకుని నోటితోనే కొరకాలి. కాదనే హక్కు ఆ ప్యూబ్లా ఊళ్లో పుట్టిన ఏ మగాడికీ లేదు. అతను మర్యాదకి కాస్త వంగాడో లేదో, ఒటీలియా వెనకనుంచి మెడ మీద చెయ్యి వేసి నుదుటిదాకా కేకులో దించేసింది.

తల పైకొచ్చింది. నాలుక మీసం చివరికి వెళ్లింది. మళ్లీ వెళ్లింది.

“ఇది అసలు చక్కెరే,” అన్నాడు ఫెర్మిన్. “నాకు తెలీదా?”

దోన్యా చోలే ఇక ఆగలేకపోయింది. “అసలుదే నాయనా. మీ ఆవిడ గ్యాసు బండి కోసం వీధిలోకి వెళ్లగానే, డబ్బాలోంచి తీసి నేనే నాలుగు చెంచాలు వేసేశా. కన్నకడుపు, చూస్తూ ఎలా ఊరుకుంటాను?”

అందరూ ఒటీలియా వైపు తిరిగారు. ఆమె వేళ్లకంటిన చీజు తాపీగా తుడుచుకుంది.

“ఏ డబ్బా అత్తయ్యా?”

“రోజూ మనం కాఫీలో వేసుకునేదే.”

“దాంట్లో ఈస్టరు నుంచీ చక్కెర లేదు. మీ తల్లీకొడుకులు ఇన్నాళ్లూ లొట్టలేసుకుంటూ తాగింది దొంగదే.”

ఫెర్మిన్ తల్లిని చూశాడు. కేకుని చూశాడు. కత్తి అందుకుని పెద్ద ముక్కే కోసుకున్నాడు.

“తప్పు నాదే, ఒటీలియా. నాకు తెలీలేదు.”