మీటర్ పెట్టె దగ్గర మనిషి

వేడినీళ్ల టబ్బు లారీ దిగినప్పటి నుంచి ఆ ముసలాయన గేటు బయటే నిలబడి ఉన్నాడు.

చేతిలో పాత సంచి. చూపు టబ్బు మీద లేదు, గోడ వెంట పోయే వైర్ల మీద ఉంది.

ఆ ఇంటాయన, రిటైరైన లైబ్రేరియన్‌కు అది నచ్చలేదు. భార్య మోకాళ్ల నొప్పులు చూడలేక తెప్పించిన టబ్బు అది.

"ఎవరు కావాలండీ?"

"ఎవరూ వద్దయ్యా. దీనికి కరెంటు ఎక్కణ్ణించి తీసుకుంటున్నారు?"

గీజర్ లైను నుంచి తీస్తామని ఎలక్ట్రీషియన్ అన్నాడని చెప్పాడు లైబ్రేరియన్. పరాయివాడికి ఇదంతా ఎందుకు చెప్పానా అని వెంటనే నాలిక కరుచుకున్నాడు.

ఆ సన్న వైరు ఇంత లోడు మొయ్యలేదన్నాడు ముసలాయన. మెయిన్ బోర్డు నుంచి విడిగా లావు వైరు లాగాలట. కరెంటు లీకైతే క్షణంలో ఆపేసే బ్రేకరు, సరైన ఎర్తింగ్ లేకుండా నీళ్లలో కాలు పెట్టకూడదట.

పని కోసం తిరుగుతున్నాడేమో అనిపించింది. మాకు మనిషి ఉన్నాడన్నాడు లైబ్రేరియన్.

"పని నాకొద్దు. మానేసి చాన్నాళ్లయింది."

దాంతో అనుమానం మరీ ముదిరింది. పని వద్దన్నవాడికి ఈ ఇంటి వైర్లతో ఏం పని?

ముసలాయన అన్నదంతా ఎలక్ట్రీషియన్ విని నవ్వేశాడు. సాయంత్రానికల్లా టబ్బు బిగించి వెళ్లిపోయాడు. ఆ ముసలాయన దొంగతనానికి ఇల్లు చూసుకోడానికే వచ్చుంటాడని, ఇంట్లో ఉన్న బావమరిది గేటుకు తాళం వేశాడు.

మర్నాడు పొద్దున్న నీళ్లు కాగాయి. భార్య తువ్వాలు భుజాన వేసుకుని టబ్బు దగ్గరికి రాగానే ఇంట్లో కరెంటు పోయింది.

గేటు బయట గోడకున్న మీటర్ పెట్టె తెరిచి ఉంది. ముసలాయన చేతిలో ఫ్యూజు.

"విడి లైను వేయించాక కొత్తది పెట్టుకోండి."

వీళ్లు తాళంచెవి వెతికేలోపు ఆయన వీధి మలుపు తిరిగాడు.

ఎవడో ఫ్యూజు ఎత్తుకుపోయాడని లైబ్రేరియన్ కరెంటాఫీసుకు ఫోన్ చేశాడు. లైన్‌మన్ వచ్చి, విడి లైను మాట విని గీజర్ బోర్డు విప్పాడు. వైరు తొడుగు కరిగి నల్లబడి ఉంది. టబ్బు ఎర్త్ వైరు దేనికీ కలపకుండా వేలాడుతోంది.

"అమ్మగారు నీళ్లలో దిగారా?"

"లేదు. దిగబోతుంటే..."

భార్య టబ్బు అంచు మీది చెయ్యి మెల్లగా తీసేసింది.

ఫ్యూజు తీసిందెవరని లైన్‌మన్ అడిగాడు. పోలికలు చెప్పగానే గుర్తుపట్టాడు. తాను పని నేర్చుకున్నది ఆయన దగ్గరేనని, వెనక వీధిలోనే ఆయన గది అని చెప్పాడు.

చెప్పులైనా వేసుకోకుండా లైబ్రేరియన్ అతని వెంట నడిచాడు. గది ఖాళీగా ఉంది. ఎక్కడికో చెప్పకుండా ఇందాకే బస్సెక్కాడని పక్కింటివాళ్లు అన్నారు.

"అంత పనితనం ఉన్నవాడు ఎందుకు మానేశాడు?"

లైన్‌మన్ ఖాళీ గదిలోకి చూస్తూ అన్నాడు.

"కూతురింట్లో టబ్బు బిగించి, ఎర్తింగ్ రేపు వేద్దాంలే అనుకున్నాడండీ, ఆ రేపటికి కూతురు లేదు."