మర్యాదగా రాసిన ఫిర్యాదు

హిమజ నా టేబుల్ మీద రుమాలు విప్పింది. అందులో ఆమె పళ్లు రెండున్నాయి.

"మా ఆయనేనండీ. ఆ రాక్షసుడు బెల్టు బకిల్‌తో మొహం మీద కొట్టాడు. కింద పడితే బూటుతో తొక్కాడు."

"రాక్షసుడు అనకండమ్మా," అన్నాను. ఢిల్లీలో మా స్టేషన్ మొత్తానికి తెలుగొచ్చిన ఎస్సైని నేనొక్కదాన్నే. ఎవర్నీ కించపరిచే మాట కాగితం మీదికి రాకూడదని మాకు ఈమధ్యే పైనుంచి సర్క్యులర్ వచ్చింది. "ఇప్పుడు నిందితుడని కూడా రాయడం లేదు. సంబంధిత వ్యక్తి అంటున్నాం."

ఆమె పెదవి మీద రక్తం చున్నీతో తుడుచుకుంది. "సరేనండీ. సంబంధిత వ్యక్తే తొక్కాడు."

అలాగే హిందీలో రాసుకున్నాను. "తాగొచ్చి తిట్టాడా?"

"తాగడు, తిట్టడు. 'మీరు', 'దయచేసి' అంటూనే కొడతాడు."

నా పెన్ను ఆగింది. "మెట్రోలో ఇంత దూరం ఎందుకొచ్చారు? మీ ఇంటి దగ్గర స్టేషన్ లేదా?"

"అక్కడ ఆయన పేరు చెప్పగానే పెన్ను మూసేశారండీ."

"ఏం పేరు?"

ఆమె నా టేబుల్ అద్దం కింద ఉన్న సర్క్యులర్ అడుగున, సంతకం ఉన్నచోట వేలు పెట్టింది. అద్దం మీద నెత్తుటి మరక పడింది.

"ఈ సంతకమే మా పెళ్లి సర్టిఫికెట్ మీద నా సంతకం పక్కన ఉందండీ."

అంతవరకూ రాసిన కాగితం చించేశాను. ఆమె బెదిరిపోయి లేవబోయింది.

"కూర్చోమ్మా," అన్నాను కొత్త కాగితం తీస్తూ. "మొదట ఏమన్నావో, ఆ మాటే మళ్లీ చెప్పు."