నెల తప్పింది

ప్రశాంతి ఒకటి చెబితే ఇల్లంతా ఇంకొకటి విన్నది.

"నెల తప్పింది" అని మొగుడు హరినాథ్ చెవిలో చెప్పింది. ఎప్పుడూ తప్పేదే, ఈసారి కాస్త ఎక్కువ తప్పిందని ఆమె ఉద్దేశం.

మగ్గం మీద కూర్చున్న అత్త బయమ్మ చెవిన పడేసరికి అది కాస్తా కడుపు అయి కూర్చుంది.

సాయంత్రానికల్లా ధర్మవరంలో వాళ్ళ వీధి వీధంతా నోరు తీపి చేసుకుంది.

కాదని చెప్పడానికి ప్రశాంతికి నోరు పెగల్లేదు. పెద్దమనిషి అయినప్పటి నుంచీ ఆమెకు నెలనెలా అన్న మాటే లేదు. ఒకసారి నెలన్నరకు, ఒకసారి రెండు నెలలకు. ఆ సంగతి అత్తగారింట్లో పొక్కనివ్వనని పెళ్ళికి ముందే తల్లి ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడు ప్రశాంతి ఆ కడుపు పరీక్షకే అనంతపురంలో ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది. చీటీ కోసం బయమ్మ వరుసలో నిలబడింది.

ఇదే సందని ప్రశాంతి తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, నిన్న దొంగతనంగా పరీక్ష చేసుకుంటి. ఒకటే గీత వచ్చింది. కడుపు లేదు."

"గట్టిగా మాట్లాడాకు. డాక్టరు పిలవకముందే బాత్రూముకు పోయిరా. జారిపోయిందని చెప్పి ఏడువు. అది ఎవురికైనా అయ్యేదే. నెలలు సరిగా రావని తెలిసిందో, నిన్ను ఇంటికి తోలేస్తారు."

తల్లి గొంతు ఫోన్ దాటి బయటికి వినబడేంత పెద్దది. ప్రశాంతి గబుక్కున పెట్టేసింది.

"జారిపోయిందని మాత్రం చెప్పాకు పాపా."

పక్కన కూర్చున్నామె. జుట్టు సగం నెరిసింది. ఒళ్ళో మందుల సంచి ఉంది. ఆమె తమ మాటలన్నీ విందని తెలిసి ప్రశాంతి ఫోన్ కొంగులో దాచుకుంది.

"నా మాటలు ఇంటాండావా?"

"ఇనపడె. నెలలు సరిగా రాకుంటే దానికి మందుండాది. జారిపోయిందంటే దేనికని మందిస్తారు?"

"నీకెందుకమ్మా?"

"ఈసారి జారిందంటావు. మళ్ళా నెల తప్పుతాది. మళ్ళా జారిందనాల. ఆపైన నీ కడుపు నిలబడదని ఊరంతా అనేస్తారు. అప్పుడు నిజం చెప్పినా ఎవురూ నమ్మరు."

"ఇప్పుడు చెప్తే మాత్రం? నన్ను ఇంట్లో పెట్టుకుంటారా?"

"ఏమో, నేను చెప్పలేను. అయితే డాక్టరమ్మ ముందర చెప్పు. మీ అత్త కూడా ఇనాల."

ప్రశాంతికి ఒళ్ళు మండిపోయింది. ముక్కూమొహం తెలియని మనిషి, తన కాపురం గురించి ఎంత తేలిగ్గా మాట్లాడుతోంది!

"నీకెంతమంది పిల్లోళ్ళు?"

"లేరు."

"మరి నీకేం తెలుస్తాది? నీ పని చూసుకో పో."

ఆమె సంచి తీసుకుని లేచింది. బయమ్మ చీటీతో రావడం చూసి కొంగు తల మీదికి లాక్కుని, అవతలి స్తంభం దగ్గరికి వెళ్ళిపోయింది.

బయమ్మ ఆమె వైపు చూసి ఠక్కున ఆగిపోయింది.

"అత్తా, బాత్రూముకు పోయొస్తా."

లోపల గొళ్ళెం పెట్టుకుని ప్రశాంతి ఏడవడానికి సిద్ధమైంది. ఏడుపు దానంతటదే వచ్చింది. ఈసారి సరే, వచ్చేసారి ఏం చెప్పాలి? ఆ పైసారి? ఆ ముసలామె మాటలు వదలడం లేదు. మొహం కడుక్కుని బయటికి వచ్చేసరికి పేరు పిలుస్తున్నారు.

పరీక్ష చేసి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "కడుపు లేదమ్మా."

"మూడో నెల కదమ్మా!" బయమ్మ కుర్చీలో ముందుకు జరిగింది.

"నీకు నెలలు ఎట్లా వస్తాయి?" డాక్టరమ్మ ప్రశాంతిని అడిగింది.

అత్త కళ్ళు తన మీదే ఉన్నాయి. జారిపోయిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఈ పూట గండం గడుస్తుంది.

"నాకు... ఎప్పుడూ సరిగా రావు. పెండ్లికి ముందు నుంచే. గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తాండాయి. దాచి పెట్టినా."

బయమ్మ తల తిప్పి కోడలి గడ్డం వైపు చూసింది.

"దాచాల్సిన జబ్బేం కాదు," అంది డాక్టరమ్మ. "హార్మోన్లు తేడా చేస్తే ఇట్లా అవుతుంది. చానామందికి ఉంది. స్కానింగు, థైరాయిడ్ పరీక్ష చేయిద్దాం. పొద్దంతా ఒకచోటే కూర్చోకుండా కొంచెం నడువు, తిండి చూసుకో, అవసరమైతే మాత్రలిస్తా. నెల ఎప్పుడొచ్చిందో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో. ఇట్లాంటోళ్ళకు పిల్లలు పుట్టరనేం లేదు. ఆలస్యమైతే దానికీ మందులున్నాయి."

బయటికి వచ్చాక బయమ్మ చకచకా ముందు నడిచింది. వరండా సగం దాటారు. ఇంక అత్తగారింటి గడప తొక్కడం ఉండదనుకుంది ప్రశాంతి.

"స్కానింగు యాడ తీస్తారో అడుగు," అంది బయమ్మ ఉన్నట్టుండి. "వీధిలో వాళ్ళకు నేను చెప్పుకుంటాలే. నువ్వు నోరెత్తాకు."

ప్రశాంతికి దుఃఖం పొంగుకొచ్చింది. ఆ పక్కామెకు ఒక్క మాట చెప్పాలనిపించింది. స్తంభం దగ్గరికి పరుగెత్తింది. లేదు. గేటు దాకా వెళ్ళి చూసింది. రోడ్డు మీద బత్తలపల్లె బస్సు ఆమెను ఎక్కించుకుని అప్పుడే కదిలిపోతోంది.

వెనకాలే వచ్చిన బయమ్మ కూడా ఆ బస్సు వైపే చూస్తూ నిలబడింది.

"నీతో మాట్లాడిందా ఆమె?"

"మాట్లాడింది అత్తా. ఎవురామె? నీకు తెలుసా?"

బస్సు మలుపు తిరిగింది. బయమ్మ కోడలి వైపు తిరిగింది.

"మీ మామ మొదటి పెండ్లాం," అంది మెల్లగా. "రెండుసార్లు కడుపు జారిపోయిందని ఆమెను పుట్టింటికి తోలేసినాకే నన్ను చేసుకునింది."