రెండు నిమిషాల మౌనం

“నా వాచీ కనిపించట్లేదు. ఎవరైనా కళ్లు తెరిచారా?” అంది నాగదుర్గ టీచర్.

ఏడో తరగతిలో గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ విలువల పీరియడ్ ఎప్పుడూ రెండు నిమిషాల మౌనంతోనే మొదలవుతుంది. చేతి వాచీ తీసి బల్ల మీద గీత, బైబిల్, ఖురాన్‌ల పక్కన పెడుతుంది. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోవచ్చు, ఎవరినీ తలుచుకోవాలని లేకపోతే ఊరికే కూర్చోవచ్చు. కళ్లు మాత్రం తెరవకూడదు. ఆదిత్య అప్పుడప్పుడూ కునుకు తీయడం తప్ప జూన్ నుంచీ ఏ గొడవా లేదు. ఇవాళ కళ్లు తెరిచేసరికి పుస్తకాలు మూడూ ఉన్నాయి, వాచీ లేదు.

బోర్డు మీద ‘న్యాయం’ అని రాసి ఉంది. ఇవాళ్టి పాఠం అదే.

“మౌనంలో ముందు బెంచీ కదిలిందండి,” అన్నాడు ఆదిత్య. “లక్ష్మి లేచినట్టుంది.”

“అదే తీసుంటుందండి,” అంది వెనక నుంచి గీతిక. “వాళ్ల నాన్న బండి మీద చేపలమ్ముతాడు. దానికి వాచీ ఎక్కడిది?”

మంజుషకి ఒళ్లు మండిపోయింది. తనకీ లక్ష్మికీ ఒకటో తరగతి నుంచీ ఒకే ఆటో, ఒకే బెంచీ, మధ్యాహ్నం ఇద్దరికీ ఒకటే క్యారేజీ. బెంచీ కదిలిన సంగతి తనకీ తెలుసు. నీళ్ల సీసా కోసం వంగిందేమో అనుకుంది.

“నోళ్లు ముయ్యండి! లక్ష్మి అలాంటిది కాదు,” అని లేచి నిలబడింది. “మా అమ్మ మీద ఒట్టు!”

టీచర్ లక్ష్మి బ్యాగు తెరవమంది. పుస్తకాలన్నీ తీశాక జామెట్రీ బాక్సు మిగిలింది. మూత తీస్తే వృత్తలేఖిని కింద వాచీ టిక్కుటిక్కుమంటోంది.

మంజుష గిరుక్కున లక్ష్మి వైపు తిరిగింది. ఒట్టు తీసి గట్టున పెట్టమనడానికి ఇదేం ఆట కాదు. అమ్మకి ఏమన్నా అయితే? అంతమందిలో తన పరువు తీసింది సరే, అమ్మ మీద ఒట్టేస్తుంటే పక్కనే ఉండి నోరు మెదపలేదే! ఇన్నేళ్ల స్నేహానికి ఇదా ఫలితం?

“ఏం చెబుతావు లక్ష్మీ?” అంది టీచర్.

లక్ష్మి తల వంచుకుని నిలబడింది.

“సరే. మరి మీరే చెప్పండి, ఏం చేద్దాం?”

తరగతికి హుషారు వచ్చేసింది. గ్రౌండు చుట్టూ పరిగెత్తించాలన్నారు ఒకరు. రేపటి నుంచి దాని బ్యాగు రోజూ వెతకాలన్నారు ఇంకొకరు. అసలు ఇలాంటివాళ్లని చేర్చుకోవడమే తప్పంది గీతిక. టీచర్ ఒక్క మాట కూడా వదలకుండా ‘న్యాయం’ కింద వరసగా రాసుకుంటూ పోయింది.

“నువ్వు చెప్పు మంజుషా. నీ స్నేహితురాలు కదా?”

మంజుష పక్కకి చూసింది. లక్ష్మి పెదవి చివర సన్నగా కదిలింది. నవ్వుతోంది! ఇంత చేసి నవ్వడానికి ఎంత గుండె ఉండాలి?

“టీసీ ఇచ్చి పంపేయండి టీచర్,” అంది మంజుష.

టీచర్ అదీ రాస్తుండగా గుమ్మంలో గొంతు ఖంగుమంది.

“ఏంటమ్మా ఈ గోల?” స్కూల్ కరస్పాండెంట్ జగన్నాథరాజు గారు. పిల్లలంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. టీచర్ చేతిలో సుద్దముక్క కింద పడింది.

“పాఠమేనండి...”

“పాఠం పుస్తకంలో ఉన్నట్టు చెప్పమన్నానా లేదా? ఆ మూడు పుస్తకాలూ ఎందుకని ఒకాయన, మౌనాలేంటని ఒకావిడ, రోజూ నాకు ఫోన్లే. ఇంకొక్క ఫోన్ వచ్చిందంటే మీరు వేరే స్కూల్ చూసుకోవాల్సిందే. అసలేం జరిగింది?”

టీచర్ నోరు తెరిచేలోపు ఆదిత్య అందుకున్నాడు. “లక్ష్మి టీచర్ వాచీ కొట్టేసిందండి! బ్యాగులో దొరికింది.”

“నిజమేనా అమ్మా?” అన్నారాయన టీచర్‌తో.

లక్ష్మి మొదటిసారి తలెత్తి టీచర్ వైపు చూసింది. టీచర్ అటు తిరిగి బోర్డు మీద రాసిందంతా డస్టర్‌తో తుడిచేసింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

“అవునండి,” అంది.

ఆ గొంతులో వణుకు విని మంజుషకి జాలేసింది. పాపం, ఆవిడ కూడా లక్ష్మిని ఎంత నమ్మిందో!

లక్ష్మిని ఆఫీసు రూముకి తీసుకెళ్లారు. ఇంటర్వెల్‌లో దాని బ్యాగు తెచ్చి ఇమ్మని మంజుషని పంపారు.

ఆఫీసు బయట బెంచీ మీద లక్ష్మి ఒక్కతే కూర్చుని ఉంది. లోపల దాని నాన్న పల్లంరాజు, చేపల బేరం మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు, తలపాగా చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

“మా పిల్ల అలాంటిది కాదు బాబుగారూ. మీ కాళ్లట్టుకుంటాను, ఈ ఒక్కసారికి...”

“టీసీ రాసేశాం. సంతకం పెట్టు,” అన్నారు జగన్నాథరాజు గారు.

మంజుష బ్యాగుని లక్ష్మి ఒళ్లోకి విసిరేసింది.

“మా అమ్మ మీద ఒట్టేశానే నీకోసం! మీ నాన్న చూడు, ఎలా బతిమాలుతున్నాడో! ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు.”

లక్ష్మికి కోపం రాలేదు. బ్యాగు గుండెకి హత్తుకుని, మంజుషని దాటుకుని తరగతి గుమ్మం వైపు ఆత్రంగా చూసింది. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లిగా అడిగింది.

“నాటకమని టీచర్ ఇంకా చెప్పలేదా మంజూ?”