నూకరత్నం గొంతున్న రీలు

గోదారి మూడోసారి గట్టు తెంపిన ఏడు, ప్రతి ఇంట్లోనూ చనిపోయినవాళ్ల గొంతుతో గోడలు మాట్లాడేవి. పోలయ్య ఇంట్లో చనిపోయిన భార్య నూకరత్నం గొంతు.

"ఏవండీ, అన్నం తిన్నారా?" అంది గోడ.

పోలయ్య కంచం ముందునుంచి లేచిపోయాడు. "మీ అమ్మ నన్నెప్పుడైనా అండీ అందా?"

"గోడలో గొంతు పెట్టేప్పుడు కంపెనీవాళ్లు తిట్లన్నీ ఏరేసి శుభ్రం చేశారు నానా," అంది కూతురు వేణి.

అసలు గొంతు పెళ్లయిన కొత్తలో పట్టిన టేపు రీల్లోనే మిగిలింది. అది వరదనీళ్లలో నానింది, ఆరబెట్టకపోతే అంటుకుపోతుంది.

"పారెయ్ నానా. గోడలో ఉందిగా అమ్మ!"

పోలయ్య పొద్దుగూకేదాకా ఇంట్లోకీ పెరట్లోకీ తిరుగుతూనే ఉన్నాడు.

తెల్లారి, వలలు ఆరేసే గెడల మీద టేపునంతా విప్పి, పోగు మీద పోగు పడకుండా పరిచాడు.

"మొదలేదో చివరేదో తెలుస్తుందా నానా?"

"ఏ కొసనుంచి విన్నా తిట్లేనే," అంటూ కాకుల్ని అదిలించాడు.