కొబ్బరికాయలు కొట్టిన బౌలర్

ప్రతి ఊరి జట్టులోనూ మరమనుషులే బౌలర్లయిన రోజులవి. అనకాపల్లి జట్టులో తొలి ఓవర్ వేసే మరమనిషికి మాత్రం గురి కుదరదు. ఈ ఏడాదీ ఓడితే జట్టు రద్దే. అందుకని ఆటల్లేని నెలల్లో కెప్టెన్ సన్యాసిరావు దాన్ని అమ్మవారి గుడిలో కొబ్బరికాయలు కొట్టే పనికి పెట్టాడు.

"దీనికి గురి కుదురుతాదేటి మావా?" అంది భార్య పైడమ్మ.

"అమ్మ దయ," అన్నాడతను, సగం నమ్మకంతోనే.

తొలి మ్యాచ్‌లో మరమనిషి బంతిని కళ్లకద్దుకుని, "గోత్రం?" అని బ్యాట్స్‌మన్‌ని అడిగింది.

"కాశ్యప," అంటూ అతను అలవాటుకొద్దీ బ్యాటు చంకన పెట్టి, బూట్లు విప్పి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాడు. బంతి తగిలి మధ్య వికెట్ రెండు ముక్కలైంది. మరమనిషి ఒక ముక్క అతని చేతిలో పెట్టింది. అతను భక్తిగా కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

"ఇది ఆటేనంటావా?" అని బౌండరీ దగ్గరున్న సన్యాసిరావు, ఆట చూడ్డానికొచ్చిన భార్యను అడుగుతుండగానే, తర్వాతి బ్యాట్స్‌మన్ దారిలోనే బూట్లు విప్పుకుంటూ వస్తున్నాడు.